సానకూ సానకూ నడుమ

మా అనంతపురం జిల్లాలో వానకు కరువు, నీళ్ళకు కరువు, గడ్డికి కరువు. గడ్డానికి మాత్రం ఏనాడూ కరువు లేదు. సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే మెట్ట ఇది. రాజస్థానంలోని జైసల్మేరు తరువాత దేశంలో ఇంత తక్కువ వాన మనకేనని చిన్నప్పటి నుంచీ చెప్పుకుంటూ వచ్చాము. వేరుసెనగ నిలువునా ఎండిపోయిన ఏడు కూడా మొగవాడి చెంపమీది పంట ఎండలేదు. మూడోనాటికల్లా కోతకు వస్తూనే ఉంటుంది. ఆ పంటను కోసే కొడవలి గురించే ఈ నాలుగు మాటలు. అంటే మంగలికత్తి గురించి. అందులోనూ దాన్ని ఒకసారి సాన పట్టించిన తరువాత, మళ్ళీ సానకు వెళ్ళేదాకా పదును ఎలా నిలబెట్టుకోవాలన్న సంగతి.

ఇదేదో మొగవాళ్ళ గొడవ, మనకెందుకని పుట తిప్పబోయే సోదరీమణులకు ఒక మనవి. మీ వంటింటి కత్తికి వర్తించే ధర్మమే దీనికీ వర్తిస్తుంది. కాకపోతే దీనికి కాస్త మడి ఎక్కువ. పైగా ఇంట్లో పెద్దాయన గడ్డం మాసి మంచాన పడివుంటే ఆ దిగులు ముందుగా కనిపెట్టేది మీరే.

మా ఇంట్లో జరిగింది అదే. మా నాయనకు ఎనభై ఎనిమిదేళ్ళు. మూడేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మాట ముద్దగా వస్తుంది. అన్నం తినిపిస్తే తింటాడు, బట్ట మారిస్తే మార్పించుకుంటాడు, ఏది చేసినా మారు పలకడు. గడ్డం మాత్రం మూడోనాడు దాటితే ఒప్పుకోడు. ఎడమచేత్తో చెంప తడిమి చూసుకుని మొహం గోడవైపు తిప్పేస్తాడు. చూడవచ్చినవాళ్ళ వైపు చూడడు. ముప్పయ్యేళ్ళు తాలూకా కచేరీలో గుమాస్తాగా పనిచేసినవాడు, పెరిగిన గడ్డంతో ఒక్కనాడు గడప దాటి ఎరగడు. ఆ పట్టింపు ఒక్కటే ఆయన దగ్గర మిగిలి ఉన్న పాత మనిషి అని మా ఆవిడ అన్నది. నిజమే.

బ్లేడుతో చేయరాదా అని అడుగుతారు. చేసి చూశాము. ముసలి చెంపల చర్మం సడలి మడతలు పడివుంటుంది. రెండు మూడు బ్లేళ్ళు కూర్చిన ఇప్పటి రేజర్లు ఆ మడతల్లో చిక్కి లాగుతాయి. ఆయనకు అరవై ఏళ్ళుగా అలవాటైనది మంగలికత్తి. దాని స్పర్శకు మొహం ఎటు తిప్పాలో, పెదవి ఎప్పుడు బిగించాలో ఆ చర్మానికే తెలుసు. (రక్తాన్ని పలచబరిచే మందులు వాడేవారికి ఈ కత్తి పెట్టేముందు డాక్టరుగారిని తప్పక అడగాలి. మేము అడిగిన తరువాతే పెట్టాము.)

మొదటి రెండేళ్ళూ మా ఊరి క్షురకుడే వచ్చి చేసేవాడు. ఊరి వరుసన నాకు మామ. నాయన కంటె పది పన్నెండేళ్ళు చిన్న. తరువాత ఆయన కంటికి శుక్లం కమ్మింది, వేళ్ళు వణకడం మొదలుపెట్టాయి. ఒకనాడు నురగ పూసి, కత్తి తెరిచి, ఒక నిమిషం అలాగే నిలబడి, కత్తి మడిచి నా చేతిలో పెట్టాడు. "ఇంగ నాతో గాదు అయ్యవారూ. మీ నాయన మొగమ్మీద నా చెయ్యి వణకగూడదు. మీరు నేర్చుకోండి" అన్నాడు. బడిపంతులుగా పింఛను తీసుకుంటున్న వయసులో అలా నేను శిష్యుణ్ణయ్యాను. గీయడం నెల రోజుల్లో వచ్చింది. కత్తిని కాపాడటం నేర్చుకోవడానికి ఏడాది పట్టింది.

ఆ కత్తి మా తాతది. బళ్ళారిలో కొన్నాడట. కొమ్ముపిడి. మెడ దగ్గర 'షెఫీల్డు' అన్న అక్షరాలు సగం అరిగి ఉన్నాయి. ఇంగ్లండులో షెఫీల్డు, జర్మనీలో సోలింగెను, ఈ రెండూళ్ళ కత్తులే ఒకప్పుడు దేశదేశాల గడ్డాలు గీసేవి. అలాగని మనం చిన్నబుచ్చుకోవలసిన పనేమీ లేదు. ఐరోపా వారు 'ఊట్జ్' అని అబ్బురపడిన ఉక్కు మన దక్షిణదేశంలో మూసల్లో కరిగించి తీసినదే. ఆ మాట మన 'ఉక్కు' లోంచే పుట్టిందని చాలామంది పండితుల అభిప్రాయం. నిజామాబాదు వైపు కోనసముద్రంలో ఆ ఉక్కు కొనడానికి పారశీక వర్తకులు వచ్చేవారు. విద్యుచ్ఛక్తి పాఠాల్లో మన పిల్లలందరూ చదువుకునే మైకేల్ ఫారడే ఉన్నాడే, ఆయన 1820 ప్రాంతాల్లో జేమ్స్ స్టోడార్టు అనే కత్తుల పనివానితో కలిసి ఈ ఉక్కు మర్మం పట్టాలని ఏవేవో లోహాలు కలిపి కరిగించాడు. ఆ ప్రయోగాల్లో వచ్చిన ఉక్కుతో క్షవరపు కత్తులు చేయించి స్నేహితులకు పంచిపెట్టాడు కూడా. స్నేహమంటే అదీ.

సరే, మా కత్తి సంగతికి వద్దాం. తాత, తరువాత నాయన, ఇద్దరూ వాడిన ఆ కత్తి ఇప్పటికీ బొటనవేలంత వెడల్పుంది. మామ పొదిలో ఆయన తండ్రి వాడిన కత్తి ఒకటి ఉంది. అది అరిగి అరిగి తాటాకు ఈనె అంత అయింది. రెండూ దాదాపు ఒక ఈడువే. తేడా ఎక్కడ వచ్చిందంటే, ఊరంతటికీ గీసిన కత్తి అది. ఎన్నోసార్లు సాన ఎక్కింది. సాన ఉక్కును తింటుంది. పదును ఇస్తుంది, కాదనను. ఇచ్చినందుకు ప్రతిసారీ కొంత ఉక్కును కూలిగా తీసుకుంటుంది. తోలుపట్టీ అలా తీసుకోదు. తీసుకున్నా లెక్కలోకి రానంత. అందుచేత కత్తి ఆయుర్దాయమంతా, ఒక సానకూ ఇంకో సానకూ నడుమ తోలుమీద దాన్ని ఎంతకాలం నెట్టుకురాగలం అన్నదానిమీద ఆధారపడి ఉంది.

మా మెట్టలో ఇది వట్టి ముచ్చట కాదు, కూటి సంగతి. పాతకాలంలో ఊరి క్షురకుడు ఆయగాండ్రలో ఒకడు. ఏడాది పొడుగునా ఊరివాళ్ళ తలలూ గడ్డాలూ చూసుకుంటే, పంటకాలాన కళ్ళంలో మేర కొలిచేవారు. జొన్నలో కొర్రలో ఏవి పండితే అవి. పంట లేదా, మేర లేదు. మేర లేని ఏడూ గడ్డాలు మాత్రం పెరిగేవి, గీయవలసిందే. "మా నాయనకు రెండు కత్తులుండె. కరువొచ్చినప్పుడు ఒకటి కుదవ బెట్టినాడు. రెండోదాన్ని మూడేండ్లు సాన మీద పెట్టనీలే. పొద్దున తోలు, మాపున తోలు. కత్తి అరిగిపోతే కొత్తది యాడ తెచ్చేది?" అని మామ చెప్పాడు. ఆ మూడేళ్ళ తోలు దెబ్బలే ఆ ఇంటికి అన్నం పెట్టాయి. పెళ్ళిళ్ళ కాలంలో నాదస్వరం తోడయ్యేది. తెలుగుదేశంలో కత్తీ సన్నాయీ ఒకే ఇంట ఉండటం మీరంతా ఎరిగినదే. అయితే కరువు కాలంలో పెళ్ళిళ్ళు మాత్రం ఎక్కడివి!

ఈ వృత్తికి మంచి రోజు ఒకటి వచ్చిన మాటా చెప్పాలి. 16వ శతాబ్దం నడుమ, విజయనగరంలో సదాశివరాయలు పేరుకు రాజు, అళియ రామరాయలు అసలు రాజుగా ఉన్న రోజుల్లో, కొండోజు అనే క్షురకుడి పనికి రామరాయలు మెచ్చి, మంగళ్ళమీద ఉన్న పన్నులు తీసివేయించాడు. ఆ మాఫీని రాతిమీద చెక్కించిన శాసనాలు ఉన్నాయి. ఆనాడు ఆ కత్తి ఒక్క గంటు పెట్టి ఉంటే ఏమయ్యేదో! మామకు ఈ కథ చెబితే చాలాసేపు నవ్వి, "ఆయప్ప తోలు బాగా ఆడించినాడు" అని మాత్రం అన్నాడు.

ఇంకొక మాట కూడా దాచకుండా చెప్పాలి. ఊరి కత్తి ఊరందరిదీ కాదు. తోలుపట్టీకి తోలు ఊనింది మాదిగవాడ. అయినా ఆ తోలుమీద పదును పెట్టిన కత్తి మాదిగవాడ గడ్డాన్ని తాకేది కాదు. 1955లో వచ్చిన అంటరానితనపు నేరాల చట్టం అలా పని నిరాకరించడాన్ని శిక్షార్హం చేసింది. చట్టం వచ్చినా మా వైపు ఊళ్ళలో ఆ ఆచారం చాలాకాలం చావలేదు. పాతకాలపు కత్తులన్నీ బంగారు కత్తులని పొగడబోయినప్పుడల్లా నాకు ఇది గుర్తుకొస్తుంది.

ఇంతకూ మెత్తని వెంట్రుక గట్టి ఉక్కును ఎలా మొద్దుబారుస్తుంది? ఈ ప్రశ్న అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయం వారికీ వచ్చింది. 2020లో వాళ్ళు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద బ్లేడును పెట్టి, వెంట్రుకలు కోస్తూ చూశారు. వెంట్రుక ఆ ఉక్కు కంటె దాదాపు 50 రెట్లు మెత్తన. కాబట్టి అంచు మెల్లమెల్లగా అరిగి గుండ్రబడుతుందని ఎవరైనా అనుకుంటారు. వాళ్ళకు కనిపించింది వేరు. అంచు అరగడం కాదు, కంటికి ఆనని పెచ్చులుగా ఊడిపోతున్నది. ఉక్కు కూర్పు అంతటా ఒకే తీరుగా ఉండదు. ఆ తేడా ఉన్న చోట వెంట్రుక వంగి ఒక పక్కగా ఒరుసుకుంటే, అక్కడ సన్నని పగులు పుట్టి పెచ్చు లేస్తుంది. వాళ్ళు చూసింది పారవేసే బ్లేళ్ళను. అయినా ఉక్కు ఉక్కే కదా. ఇది మామకు చదివి వినిపించాను. "వెంట్రుక్కి నీళ్ళు తాపకుండా గీస్తే కత్తి పోతాదని మా అవ్వ గూడా చెప్పేది. దీనికి అమెరికా దాకా పోవల్నా?" అన్నాడు.

కాబట్టి పదును కాపాడటం తోలుతో కాదు, నీళ్ళతో మొదలవుతుంది. గోరువెచ్చని నీళ్ళలో ముంచి పిండిన తుండుగుడ్డను రెండు మూడు నిమిషాలు చెంపకు అద్ది ఉంచితే వెంట్రుక నీరు పీల్చి మెత్తబడుతుంది. తరువాత సబ్బు. ఇక్కడే మా జిల్లాకు పెద్ద చిక్కు. మా బోరునీళ్ళు ఉప్పన. సున్నం పాలు ఎక్కువ. వాటిలో సబ్బు నురగ కట్టదు, విరిగిన పాలలాగా తెట్టె కడుతుంది. ఆ తెట్టె వెంట్రుకను తడపదు, కత్తికే అంటుకుంటుంది. మామ చేసే ఉపాయం ఏమిటంటే, గడ్డానికి మాత్రం తాగే మంచినీళ్ళు అరచెంబు. మాలో కొందరు వానపడ్డనాడు మిద్దెనీళ్ళు గుడ్డ కట్టి కుండకు పట్టుకుంటారు. వాననీటిలో సున్నం ఉండదు కనుక నురగ వెన్నలాగా వస్తుంది. తాగేనీటికి కటకటలాడే ఊళ్ళో గడ్డానికి మంచినీళ్ళా అని ఇల్లాలు కోప్పడవచ్చు. కాని పంపు తిప్పి వదిలేసి గీసుకునే మా మనవడి ఖర్చుతో పోలిస్తే అరచెంబు ఎంత!

ఇక తోలు. మామ తోలుపట్టీ రెండు పొరలు. ఒకటి దళసరి ముతకగుడ్డ, రెండోది తోలు. పొడుగు మూరెడు పైచిలుకు, వెడల్పు రెండున్నర అంగుళాలు. మా బీళ్ళలో పచ్చగా పూసే తంగేడు ఉన్నదే, దాని చెక్కతో ఊనిన తోలు అది. ఒకప్పుడు దక్షిణదేశపు తోళ్ళకు తంగేడు చెక్కే ప్రాణం. పట్టీ కొసన ఉన్న ఇనుపకడియాన్ని కిటికీ ఊచకు తగిలించి, రెండో కొసను ఎడమచేత్తో బిగలాగి పట్టుకోవాలి. ఈ బిగింపులోనే సగం విద్య ఉంది. పట్టీ వదులైతే నడుమ జోలెలాగా దిగుతుంది. కత్తి ఆ జోలె మీదుగా పోయేటప్పుడు తోలు అంచు చుట్టూ ఎగబాకి, వాదరను గుండ్రం చేస్తుంది. అంటే మనం పదును పెడుతున్నామనుకుంటూ పదును తీస్తున్నామన్నమాట.

కత్తిని పట్టీమీద బల్లపరుపుగా పడుకోబెట్టాలి. వెన్నూ వాదరా రెండూ ఒకేసారి తోలుకు తగలాలి. మంగలికత్తి రూపంలోనే ఈ తెలివి ఉంది. దాని వెన్ను మందమే కోణాన్ని నిర్ణయిస్తుంది. మనం ఏ కోణమూ లెక్కపెట్టనక్కరలేదు. వెన్ను ముందు నడవాలి, వాదర వెనక ఈడ్చుకుంటూ రావాలి. కొసకు చేరగానే కత్తిని ఎత్తకుండా, వెన్ను మీదనే దొర్లించి మరోపక్కకు తిప్పి వెనక్కి రావాలి. వాదర మీద దొర్లించారా, తోలు తెగుతుంది, వాదర చెడుతుంది, రెండూ ఒకేసారి. మొదట గుడ్డమీద పాతికసార్లు, తరువాత తోలుమీద యాభైసార్లు. పోయి రావడం కలిపి ఒకసారి. కత్తి పొడుగు కంటె పట్టీ వెడల్పు తక్కువ కనుక, తోసేటప్పుడు కొంచెం ఏటవాలుగా జరుపుకుంటూ మొన నుంచి మడమ దాకా అంతా తోలుకు తగిలేట్టు చూడాలి. లేకపోతే నడుమ పదును, కొసలు మొండి.

బరువు? కత్తికి ఉన్న బరువే చాలు. "తోలుకు కత్తి బరువు తెలియల్ల, మీ చెయ్యి బరువు తెలియగూడదు" అన్నాడు మామ. నేను నేర్చుకున్న నెలంతా ఆయన కళ్ళు మూసుకుని అరుగుమీద కూర్చుని వినేవాడు. శుక్లం కమ్మిన కళ్ళతో ఆయనకు చూసే అవసరం లేకపోయింది. పట్టీ బిగింపు సరిగా ఉండి, కత్తి పరుపుగా నడిస్తే ఒకటే తీరుగా 'సుయ్' మని వస్తుంది. వాదర లేస్తే గీరుడు. వెన్ను లేస్తే చప్పుడే మారిపోతుంది. సెలూన్లలో కుర్రవాళ్ళు 'టపటప' మని కొడితే గిరాకీలు ముచ్చటపడతారు. ఆ వేగం చూసేవాడి కోసం. కత్తికి కావలసింది నిదానం.

తోలు ఏం చేస్తుందన్న దానిమీద వాదం ఉంది. వంకరపోయిన సన్నని అంచును నిలబెడుతుందని పాతమాట. మెరుగు పెడుతుందని ఇంకొకరు. అయోవా రాష్ట్ర విశ్వవిద్యాలయపు లోహశాస్త్రజ్ఞుడు జాన్ వర్హోవెన్ కత్తులను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరీక్షించి, వట్టి తోలు చేసే పని స్వల్పమనీ, క్రోమియం ఆక్సైడు అనే పచ్చని పొడి పూసిన తోలు అయితే అంచును చక్కగా సాపు చేస్తుందనీ రాశాడు. ఆ పచ్చ ముద్ద ఇప్పుడు బజారులో దొరుకుతుంది. నా అనుభవంలో రోజూ వట్టి తోలు, నెలకో రెండు నెలలకో ఒకసారి పచ్చముద్ద పూసిన వేరే పట్టీమీద పది పదిహేను సార్లు, ఇది చాలు. రోజువారీ పట్టీకి మాత్రం ఆ ముద్ద అంటనీయరాదు. ముద్ద కూడా సానలాంటిదే, కాకపోతే చాలా నెమ్మదిగా తింటుంది.

మా సీమలో పట్టీకి ఇద్దరు శత్రువులు. ఒకటి ఎండ. చైత్ర వైశాఖాల్లో తోలు పెళుసెక్కి పగుళ్ళు పారుతుంది. దానికి నూనెలు పోయడం కంటె, రోజూ కత్తి పెట్టేముందు అరచేత్తో తోలును గట్టిగా నాలుగుసార్లు రుద్దడం మంచిది. చేతి జిడ్డే దానికి ఆహారం. రెండో శత్రువు గాలి. ఆషాఢంలో మా మెట్టమీద వీచే గాలి చూసినవారికి చెప్పనక్కరలేదు. రామగిరి కొండలమీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఆ గాలి మోసుకొచ్చే దుమ్ములో ఒక్క ఇసుకరేణువు తోలుమీద కూర్చుంటే చాలు, యాభై దెబ్బలూ దానిమీదుగా పోయి వాదరకు రంపపు పళ్ళు తెస్తాయి. అరచేత్తో రుద్దేటప్పుడే ఆ రేణువు చేతికి తెలుస్తుంది. అంచేత రుద్దుడు రెండు విధాల ఉపకారం. వాడనప్పుడు పట్టీని పాత పంచెముక్కలో చుట్టి గూట్లో పెడతాను.

పని అయిన తరువాత చేసేదే అసలు కాపుదల. నురగ కడిగి, వెన్ను వైపు నుంచి గుడ్డతో తుడిచి, పట్టీ గుడ్డవైపు పదిసార్లు ఆడించాలి. తడి పోవడానికే ఇది. మడతలో తడి మిగిలితే పిడి లోపల కంటికి కనపడకుండా త్రుప్పు మొదలవుతుంది. అంత సన్నని అంచును మింగడానికి త్రుప్పుకు ఒక రాత్రి చాలు. ఈ ఒక్క విషయంలో మా కరువు గాలి మాకు మేలే చేసింది. ఇక్కడ కత్తి గడియలో ఆరుతుంది. కాకినాడలోనో బందరులోనో ఉన్న పాఠకులు సముద్రపు గాలిని నమ్మరాదు. తడి తుడిచి, ఆముదపు చేయి ఒకసారి రాసి, స్నానాల గదికి దూరంగా పెట్టుకోవాలి. పూర్వం షెఫీల్డులో వారానికి ఏడు కత్తులు, రోజుకొకటి చొప్పున పెట్టెలో కూర్చి అమ్మేవారు. గీసిన కత్తికి కొన్నాళ్ళు విశ్రాంతి ఇస్తే మంచిదని ఆ కాలపువారి నమ్మకం. మన సెలూన్లకు మంగళవారం సెలవు. అది మనిషికో కత్తికో తెలియదు గాని, ఇద్దరికీ పనికొస్తుంది.

ఒక హెచ్చరిక. ఈ కత్తి ఒకరికే. తండ్రి కత్తి కొడుకు, అన్న కత్తి తమ్ముడు వాడరాదు. పచ్చకామెర్లు తెచ్చే హెపటైటిస్ వంటి జబ్బులు కంటికి కనపడని నెత్తురు చుక్కతో పాకుతాయి. 1986లో మన దేశంలో హెచ్.ఐ.వి. మొదటిసారి బయటపడిన తరువాత, రానురాను సెలూన్లవారు మంగలికత్తి మాని, మనిషికొక సగం బ్లేడు తొడిగే కత్తికి మారారు. మంచిపని చేశారు. అమెరికాలో కింగ్ క్యాంప్ జిలెట్ అమ్మకం మొదలుపెట్టిన 1903లో అమ్ముడుపోయినవి 51 రేజర్లు, 168 బ్లేళ్ళు మాత్రమేనట. ఆ 168 బ్లేళ్ళ సంతతి ఈనాడు మా ఊరి రచ్చబండ పక్క సెలూను దాకా వచ్చింది. మామ కొడుకు బెంగుళూరులో సెలూనులో పనిచేస్తాడు. కత్తి పట్టిన చెయ్యే, కాని తోలుపట్టీ ఆడించడం ఎరగడు. ఎరగవలసిన పనీ లేదు.

మరి సాన ఎప్పుడు? తోలు చాలదని కత్తే చెబుతుంది. పదునున్న కత్తి చెంపమీద కరకరమని సన్నగా పాడుతుంది. ఆ పాట పోయి లాగుడు మొదలైతే, ముందు తోలుమీద మరో యాభై. దానికీ లొంగకపోతే పచ్చముద్ద పట్టీ. దానికీ లొంగకపోతే అప్పుడు సాన. కొందరు బొటనవేలితో వాదర నిమిరి చూస్తారు. పిల్లలున్న ఇంట్లో అది చూపించవద్దు. తలవెంట్రుక ఒకటి తీసి, చివర పట్టుకుని వాదరమీద వదిలితే, పదునున్న కత్తి దాన్ని చప్పుడు లేకుండా తెంచుతుంది. మా ఆవిడ జడలోంచి రాలిన వెంట్రుకలు అందుకే పనికొస్తున్నాయి.

మామ నాకు కత్తి ఇచ్చి పద్నాలుగు నెలలైంది. మూడోనాడు తప్పకుండా నాయనకు గీస్తున్నాను. ఇంతవరకూ సాన ముఖం చూపలేదు. మొన్న సంక్రాంతికి కొడుకు వచ్చి మామను బెంగుళూరు తీసుకుపోయాడు. కంటికి ఆపరేషను చేయిస్తానన్నాడు. పోయేముందు మామ తన సానరాయి తెచ్చి మా గూట్లో, పట్టీ పక్కన పెట్టాడు. నల్లని రాయి, నడుమ పల్లంగా అరిగింది. "దీన్ని ముట్టుకునేకి తొందర పడాకండి. నేను కన్ను బాగు చేపిచ్చుకోని వస్తా. అప్పుడు చూద్దాం" అన్నాడు. నాయన మంచంమీంచి ఎడమచెయ్యి చాచాడు. మామ ఆ చెయ్యి పట్టుకోలేదు. వంగి, వణికే వేళ్ళతో ఆయన చెంప తడిమి చూశాడు. కుడిదవడ కింద ఒకచోట వేలు ఆపి, "ఈడ ఇంగొక్క గీత పెట్టల్ల అయ్యవారూ" అన్నాడు.